సోయా మనది, కూర ఎవరిది?

పాత ఆదిలాబాద్ జిల్లా నల్లరేగడిలో వానాకాలం పత్తి తర్వాత బాగా కనబడే పంటల్లో సోయా ఒకటి. భైంసా, ముధోల్, బోథ్ వైపు జూన్‌లో విత్తితే అక్టోబర్‌కల్లా కోతలు అయిపోతాయి. గింజ మార్కెట్ యార్డుకు, అక్కడి నుంచి నూనె మిల్లుకు వెళ్తుంది. మళ్లీ ఊళ్లోకి వచ్చేది నూనె పాకెట్‌గా, మీల్‌మేకర్‌గా. పండించిన వాళ్ల పొయ్యి మీదికి ఆ గింజ గింజగా ఎక్కదు. నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న విషయం ఇది. అందుకే ఈ ఇద్దరి వాదన చెవిన పడగానే వదలబుద్ధి కాలేదు.

మేనత్తది భైంసా దగ్గరి పల్లె, సోయా రైతు. అల్లుడిది కరీంనగర్. సింగపూర్‌లో చైనా వాళ్ల హోటల్ వంటింట్లో పనిచేసి వచ్చాడు. చైనాలోని సిచువాన్ రాష్ట్రం వాళ్ల మాపో తోఫును పంది ఖీమాతో ఇంట్లోనే వండి, అన్నం మీద పోసి పెడతానన్నాడు. తోఫు అంటే సోయా పాలు విరగ్గొట్టి చేసే పనీరు. ఆమె ఊరికే ఒప్పుకునే మనిషి కాదు. వాళ్ల మాటలు వాళ్ల యాసలోనే రాస్తున్నాను.

అత్త: ముందుగాల ఒకటి చెప్పు అల్లుడా. గా కూరకు గావాల్సినయి మనకాడ ఏం దొరుకుతయి, ఏం దొరకవు?

అల్లుడు: దొరకనియి రెండే అత్తమ్మా. ఒకటి దౌబాన్‌జాంగ్. ఫావా అని పెద్ద చిక్కుడు గింజ ఉంటది. దాన్ని పండుమిరప, ఉప్పు, జెర్రంత గోధుమపిండితోని కలిపి కుండలల్ల ఏడాది, ఇంకా ఎక్కువ గూడ పులియబెడ్తరు. చెంగ్‌డు పట్నం పక్కపొంటి పీషియెన్‌ల చేసేది పేరు మోసింది. పగటి పూట మూత దీసి ఎండకు పెడ్తరు, వానొస్తే కప్పుతరు, రోజూ కలియబెడ్తరు. రెండోది హువాజావ్, సిచువాన్ మిర్యం.

అత్త: మిర్యాలకు కరువా మనకాడ?

అల్లుడు: అది మిర్యం గాదు. నిమ్మ కుటుంబం చెట్టు, దాని కాయ పొట్టు. నాలుక మీద ఏసుకుంటే తిమ్మిరెక్కి జుమజుమంటది. దాంట్ల సాన్‌షూల్ అనే పదార్థం ఉంటది. లండన్ యూనివర్సిటీ కాలేజోళ్లు 2013ల పరీక్ష చేసి, పెదవి మీద సెకనుకు 50 సార్లు కొట్టుకున్నట్టు అనిపిస్తదని తేల్చిండ్రు. మన మిర్యంల ఘాటు ఉంటది గని గీ తిమ్మిరి ఉండదు. కారం, తిమ్మిరి రెండూ కలిస్తేనే మాపో తోఫు. ఒకటి తగ్గితే మన బస్టాండ్ కాడి షెజ్వాన్ ఫ్రైడ్‌రైస్ అయితది.

అత్త: షెజ్వాన్ అన్నా సిచువాన్ అన్నా ఒక్కటే గద?

అల్లుడు: పేరు ఒక్కటే. బండి మీద ఏసేది ఎండుమిరప, ఎల్లిగడ్డ, వెనిగర్, చక్కెర. సిచువాన్ మిర్యం పొట్టు చిటికెడు గూడ పడదు. మంచూరియా గూడ గసొంటిదే. 1975ల బొంబాయి క్రికెట్ క్లబ్‌ల నెల్సన్ వాంగ్ అని కలకత్తాల పుట్టిన చైనా ఆయన చేసిండు. మంచూరియాల ఎవ్వలు దాన్ని ఎరుగరు. నేను చేసేది గట్ల గావద్దు. చేస్తే అసలుది చెయ్యాలె, లేకుంటే పేరు తియ్యొద్దు.

అత్త: గక్కడనే నీకు నాకు పొసగదు. నెల్సన్ వాంగ్ చేసింది తప్పేంది? తన ముందట ఉన్నదాంతోని వండిండు, ముందట కూసున్నోళ్లకు నచ్చింది. గా మాపో తోఫు మాత్రం ఎట్ల పుట్టింది? చెప్పు.

అల్లుడు: చెంగ్‌డుల ఉత్తరం దిక్కు వాన్‌ఫూ వంతెన ఉండె. దాని పక్కపొంటి చెన్ అనేటాయన కుటుంబం హోటల్ పెట్టింది. 1862 అని చెప్తరు. ఆయన పెండ్లాం మొఖం మీద అమ్మవారు పోసిన మచ్చలు ఉండెనట. వంటంతా ఆమెదే. వంతెన మీదికెళ్లి నూనె మోసే కూలోళ్లు వచ్చి, తమ నూనెల కొంచెం ఇచ్చి, ఇంత మాంసం తెచ్చిచ్చి వండియ్యమనేటోళ్లట. ఆమె వండి పెట్టింది. పేరు గూడ ఆమె మచ్చల మీదనే పడ్డది.

అత్త: చూసినవా! కూలోళ్లు తెచ్చిచ్చిన నూనె, కూలోళ్లు తెచ్చిచ్చిన కూర. పీషియెన్ ముద్ద ఆమెకు పక్క ఊరిది. ఏదీ సముద్రం దాటి తెప్పియ్యలే. నువ్వేమో ఆమె పేరు చెప్పుకుంట విమానంల వచ్చిన సీసా కొనుమంటున్నవు. ఆమె తీరుగ వండాల్నంటే భైంసా చుట్టుపక్కల దొరికేదాంతోని వండాలె.

అల్లుడు: మిరప ఏడికెళ్లి వచ్చిందో ఎరుకేనా? అమెరికా ఖండం పంట అది. మన దేశానికి పోర్చుగీసోళ్లు తెచ్చిండ్రు. చైనాకు గూడ 16వ శతాబ్దంలనే చేరింది. బయటికెళ్లి వచ్చిందని ఆమె మిరపను ఒద్దనలే. నీ పండుమిరప తొక్కు గూడ గట్ల వచ్చిందే.

అత్త: వచ్చింది. వచ్చినంక మా చేన్ల మొలిచింది. సీసాల ఉన్న ముద్ద మొలుస్తదా? జపానోళ్లు ఏం చేసిండ్రో గది చెప్పు. నువ్వే మొన్న అన్నవు, అన్నం మీద పోసుకునుడు వాళ్ల అలవాటని.

అల్లుడు: చెన్ కెన్‌మిన్ అని సిచువాన్ వంటాయన 1950లల్ల జపాన్ పోయిండు. 1958ల టోక్యోల హోటల్ పెట్టిండు, టీవీల గూడ వండి చూపిచ్చిండు. జపానోళ్ల నాలుకకు తగ్గట్టు తిమ్మిరి తగ్గిచ్చిండు, కారం తగ్గిచ్చిండు. ఇప్పుడు జపాన్‌ల పిల్లలు గూడ తినేటంత మెత్తగ అయింది. గిన్నెల అన్నం, మీద మాపో. రుచి సల్లవడ్డది అత్తమ్మా, గదే నా బాధ.

అత్త: నీకు బాధ, వాళ్లకు ఇంటింటి కూర. సరే, తోఫు సంగతి చూద్దాం. పాకెట్ కొంటవా?

అల్లుడు: కరీంనగర్‌ల సూపర్‌మార్కెట్ల దొరుకుతది గద.

అత్త: 2025-26కు సోయాకు కేంద్రం పెట్టిన మద్దతు ధర క్వింటాలుకు 5,328 రూపాయలు. అంటే కిలోకు 53 రూపాయలు దాటింది. అది గూడ తేమ 12 శాతం లోపల ఉంటేనే. లేకుంటే ఎండబోసుకుంట యార్డులనే పండుకోవాలె. గంత కష్టపడి అమ్మిన గింజనే నువ్వు పాకెట్‌ల పెట్టినంక పైసలిచ్చి కొంటవా? కిలో గింజకు కిలోన్నర తోఫు అయితది. నేను చేస్త. గింజ నా ఇంట్లది.

ఇక్కడి నుంచి మాట ఆమె చేతిలోకి వెళ్లింది. సోయా పాలు కాచడం అల్లుడు సింగపూర్‌లో చూశాడు గానీ సొంతంగా చేయలేదు. ఆమె మాత్రం పోయిన చలికాలంలో వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పిన పద్ధతి విని ఇంట్లో చేసి చూసింది. వీళ్ల మాటల్లో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

అత్త: పావు కిలో గింజ తీస్కో. విత్తుకోంగ మిగిలిన సంచిలది మాత్రం అసలే ముట్టకు. దానికి థైరం అసొంటి మందు పట్టిచ్చి ఉంటరు, గులాబి రంగు కనబడ్తది. ఎంత కడిగినా తినేది గాదు. మన చేన్ల పండి సంచిల పోసుకున్నదే తియ్యాలె. రాత్రి నానబెట్టు, పొద్దుగాల పొట్టు పిసికి పారబొయ్యి. రెండు లీటర్ల నీళ్లు కొంచెం కొంచెం పోసుకుంట మిక్సీల మెత్తగ పట్టు. పాత ధోతి గుడ్డల పోసి పిండు. కిందికి దిగేటియి పాలు. గుడ్డల మిగిలేది పిప్పి. పిప్పి పారెయ్యొద్దు. బియ్యప్పిండి, నువ్వులు, పల్లీలు, ఎల్లిగడ్డ ఏసి సర్వపిండి పెడ్తే కరకరలాడుతది.

అల్లుడు: సర్వపిండిల సోయా పిప్పా!

అత్త: మెత్తగ ఉండదా అని నేను గూడ అనుకున్న. ఉండదు, మంచిగ కాలుతది. పాల సంగతి వినుపో. పొయ్యి మీద పెట్టంగనే నురగ గిన్నె అంచు దాక వస్తది. కాగినయనుకుంటం. కాగలే. పచ్చి సోయాల అరుగుదలను ఆపే గుణం ఉంటది. అది పోవాల్నంటే నురగ అణిగినంక సన్నసెగ మీద పది నిమిషాలు గంటెతోని అడుగు గీరుకుంట తిప్పాలె. గప్పుడే పచ్చి వాసన గూడ పోతది. దించి కొద్దిగ చల్లారినంక విరగ్గొట్టాలె.

అల్లుడు: సిచువాన్‌ల జిప్సంతోని విరగ్గొడ్తరు. మెత్తగ వస్తది. జపాన్‌ల సముద్రపు ఉప్పు తీసినంక మిగిలే చేదు నీళ్లు, నిగారి.

అత్త: పత్తాకు ఎర్రబారితే మేము కొట్టే మందు ఏందో ఎరుకేనా? మెగ్నీషియం సల్ఫేట్.

అల్లుడు: ఎప్సం సాల్ట్! దాంతోని గూడ విరుగుతది. గని అత్తమ్మా, చేన్లకు తెచ్చిన సంచిలది ఏసినవా?

అత్త: పిచ్చిదాన్నా నేను? అది తినేటి రకం గాదు. మందుల షాపుల డబ్బ మీద చూసి తెచ్చిన. కప్పు ఉడుకు నీళ్లల్ల రెండు చెంచాలు కరిగిచ్చి మూడు సార్లుగ పోసి, ఒక్కసారి మెల్లగ తిప్పి మూత పెట్టిన. పది నిమిషాలకు తెల్లటి గడ్డలు పైకి తేలి, నీళ్లు పసుపుపచ్చగ తేటవడ్డయి. తేటవడకుంటే ఇంకొంచెం ఉప్పునీళ్లు పొయ్యాలె. గుడ్డల పోసి మీద చిన్న బరువు పెట్టిన. నిమ్మకాయ పిండితే గూడ విరుగుతది, గని పులుపు మిగుల్తది, నలుసు నలుసుగ అయితది.

అల్లుడు: బరువు ఎంత సేపు పెడ్తవు? మాపోకు గట్టి తోఫు పనికి రాదు. గంటె తగిల్తే వణకాలె.

అత్త: పావుగంట. పావు కిలో గింజకు నాలుగు వందల గ్రాములకు అటిటు వస్తది. నలుగురికి సరిపోతది.

అల్లుడు: ఒప్పుకున్న. తోఫు నీదే. పాకెట్ తోఫుల గంత మెత్తదనం రాదు. గని పీషియెన్ ముద్దకు బదులు నీ తొక్కు ఏస్తనంటే మాత్రం ఒప్పుకోను.

అత్త: ఎందుకు? పండుమిరప, ఉప్పు. జాడీల పెట్టి ఊరనిచ్చినం. పులిసింది గదే గద?

అల్లుడు: నీ తొక్కుల చింతపండు ఉంది. మాపోల పులుపు ఉండొద్దు. పులుపు తగిలితే తోఫు కమ్మదనం పాయె.

అత్త: చింతపండు కలపకముందే ఒక గిన్నె తీసిపెడ్త. మరి?

అల్లుడు: కారం, ఉప్పు వచ్చినయి. గింజ ఏది? ఏడాది పులిసిన గింజకెళ్లి వచ్చే రుచి, మాంసం రసం అసొంటి రుచి, తొక్కుల రాదు. గదే కూరకు ప్రాణం. కారం ఎవ్వలన్న ఏస్తరు.

అత్త: సోయా ఉడకబెట్టి, బూజు పట్టనిచ్చి, ఉప్పుల ఏసి ఊరబెడ్తే?

అల్లుడు: వద్దు అత్తమ్మా! గది మాత్రం చెయ్యకు. వాళ్లు ఏసే బూజు వేరు, తరతరాలుగ పట్టుకున్న మంచి బూజు. మనింట్ల గాలికి పట్టేది ఏదో మనకు తెల్వది. తడిసిన మక్కలకు, పల్లీలకు పట్టే పచ్చ బూజుల అఫ్లాటాక్సిన్ అని విషం ఉంటది, కాలేయాన్ని తింటది. ఉడకబెట్టినా పోదు.

అత్త: అయితే గింజను పులియబెట్టుడు మన దేశంల ఎవ్వలకూ రాదా?

అల్లుడు: వస్తది. నాగాలాండ్‌ల ఆక్సోన్, సిక్కింల కినెమా, రెండూ సోయానే. నాగాలు ఆక్సోన్ ఏసి పంది కూర వండుతరు. వాసనకు ఇల్లు లేస్తది గని రుచి మస్తుగుంటది. బూజు గాదు, బాక్టీరియాతోని పులుస్తది. నీ చింతపండు లేని తొక్కుల అది చెంచాడు కలిపితే పీషియెన్ ముద్ద కాదు గని, దానికి వరసైనది అయితది. గంత దాక వస్త. గంతకు మించి రాను.

అత్త: నువ్వు గంత దాక వచ్చినవు గద, చాలు. ఇగ తిమ్మిరి మిర్యం?

అల్లుడు: దానికి తోబుట్టువు మన కొండలల్లనే ఉంది. రచ్చమాను. చెట్ల శాస్త్రం చదివిన రాక్స్‌బర్గ్ దొర మన సర్కారు జిల్లాలల్ల ఉన్నప్పుడు చూసి రాసిండు. శాస్త్రంల జాంతోజైలం రెట్సా అంటరు, మన తెలుగు పేరునే తీస్కున్నరు. కొంకణంల తిర్ఫల్ అని చేపల కూరల ఏస్తరు. తిమ్మిరి ఉంటది. వాసన మాత్రం వేరు.

అత్త: మా ఊరు దాటితే మహారాష్ట్ర. ముంబైల ఉన్న మన చుట్టాలతోని తిర్ఫల్ తెప్పిస్త. అయితే రెండు దొరకయన్నయి రెండూ దొరికినయి.

అల్లుడు: దొరికినయి అనకు. దగ్గరివి దొరికినయి.

ఈ "దగ్గరివి" అన్న మాట మీద ఇద్దరూ చాలాసేపు పట్టుబట్టారు. అది నేను విడిచిపెడుతున్నాను, ఎందుకంటే అసలు గొడవ పంది దగ్గర మొదలైంది.

అత్త: పంది మాత్రం నా గంజుల వండనియ్య. యాట ఖీమా తే.

అల్లుడు: ఎందుకు? గలీజనా? అత్తమ్మా, మన ఊర్లల్ల ఎరుకలోళ్లు పందులు పెంచుతరు. కొనుక్కునేటోళ్లు చీకటివడ్డంక పోతరు, సంచిల సంచి పెట్టుకొని వస్తరు, ఇంట్ల గాదు వాకిట్ల మూడు రాళ్లు పెట్టి వండుతరు. తినేది మాత్రం అందరు. కూర గలీజ్ గాదు, పెంచేటోళ్లను దూరం పెట్టిండ్రు. ఆ దూరం కూరకు అంటింది. సింగపూర్‌ల పట్టపగలు కొన్న, అందరి నడుమ తిన్న. ఇంటికి వచ్చి దొంగ లెక్క తినాల్నా?

అత్త: గలీజని నేననలే. మా ఇంటి ఎదురుంగ ముస్లింలు ఉంటరు. ఈద్ నాడు వాళ్లింటికెళ్లి షీర్‌ఖుర్మా వస్తది, సద్దుల బతుకమ్మ నాడు మా మలీద పోతది. వాళ్ల పోరగాండ్లు మా ఇంట్లనే అన్నం తింటరు. పంది వండిన గంజుల వండింది వాళ్లకు తెల్వకుంట పెట్టుడు నాతోని గాదు.

అల్లుడు: వేరే గంజు పెట్టు.

అత్త: వేరే గంజు, వేరే పొయ్యి. ఇప్పుడే గద అన్నవు, వేరు పెట్టుడే దూరం పెట్టుడని?

అల్లుడు: గది వేరు, గిది వేరు అత్తమ్మా. ఒకటి మనిషిని తనకాడికి రానియ్యకుంట దూరం పెట్టుడు. ఇంకొకటి మనిషి రావాల్నని గంజు తీసి పక్కకు పెట్టుడు. ఎదురింటోళ్ల కోసం ఒక గంజు కాపాడు, ఎంత మంచిగ కాపాడినా తప్పు లేదు. గని పంది గంజును వాకిట్లకు ఎళ్లగొట్టకు. వంటింట్లనే ఉండనియ్యి.

అత్త: ... సరే. ఇనుప మూకుడు ఒకటి నువ్వు కొనుక్కొని రా. వంటింట్ల గూట్ల నీ పేరుతోని ఉంటది.

నాకు ఇక్కడ అల్లుడి మాటే సబబనిపించింది. అయితే అత్త అడ్డం పడకపోతే అతను ఆ తేడాను అంత స్పష్టంగా చెప్పి ఉండేవాడు కాదు. ఆమెకు ఇంకో ఆయుధం దొరికింది, అది కూడా వాడింది.

అత్త: చెంగ్‌డుల అసలుకు ఏ కూర ఏసేటోళ్లు?

అల్లుడు: గొడ్డు మాంసం. పంది తర్వాత, బయట ఎక్కువ.

అత్త: అయితే అసలుది అసలుది అని ఇందాకటికెళ్లి కొట్లాడుతున్నవు, పంది మాత్రం నీ ఇష్టమా?

అల్లుడు: ఇష్టమే గాదు. పంది కొవ్వు పల్చటిది, తోఫును జారుకుంట చుట్టుకుంటది. యాట కొవ్వు చల్లారంగనే గడ్డకట్టి అంగిట్ల అంటుకుంటది. యాట ఏస్తే కొవ్వు తీసేసి ఖీమా కొట్టియ్యాలె, పల్లినూనె ఎక్కువ పొయ్యాలె, ఉడుకుడుకుగ తినాలె.

అత్త: పంది ఏస్తే?

అల్లుడు: జబ్బ కాడి కూర, కొవ్వు కొంచెం కలిసింది, నూట యాభై గ్రాములు. కత్తితోనే సన్నగ కొట్టిస్త. కూరల తెల్లగ బియ్యం గింజలసొంటియి కనబడ్తే కొనొద్దు, అయి బద్దెపురుగు పిల్లపురుగుల తిత్తులు. ఏ పంది కూరైనా లోపల గులాబి రంగు పోయేదాక ఉడకాలె. మాపోల గా భయం తక్కువ, ఎందుకంటే ఖీమాను నీళ్లన్ని ఇగిరి, అంచులు గోధుమ రంగుకు తిరిగి, కరకరలాడేదాక ఏపుతరు.

అత్త: తర్వాత?

అల్లుడు: మంట తగ్గియ్యాలె. ఈడ్నే అందరు చెడగొడ్తరు. ముద్ద ఏసినంక పెద్దమంట పెడ్తే మాడి చేదెక్కుతది. సన్నసెగ మీద తిప్పుకుంట ఉంటే నూనె మెల్లగ ఎర్రవడ్తది. మూకుడు వంచితే అంచుకు ఎర్రటి నూనె వేరే నిలవాలె. గప్పుడు అల్లం, ఎల్లిగడ్డ సన్నగ తరిగి ఏసి, పచ్చి వాసన పోంగనే కప్పు నీళ్లు పొయ్యాలె. తోఫును అప్పటికే ఉప్పునీళ్లల్ల ఉడుకు పెట్టి ఉంచాలె, పచ్చి వాసన పోతది, చెదరదు. మూకుట్ల జారవిడిచినంక కలపొద్దు. గంటె ఈపుతోని ముందుకు నెట్టాలె. నాలుగైదు నిమిషాలు.

అత్త: చిక్కదనానికి మక్కపిండి ఏస్త.

అల్లుడు: మర పట్టిచ్చిన మక్కపిండి వద్దు, నూక తగుల్తది. దుకాణంల దొరికే తెల్లటి కార్న్‌ఫ్లోర్. నీళ్లల్ల కలిపి మూడు దఫాలు పొయ్యాలె. మొదటిసారి పోస్తే తోఫు నీళ్లు విడిచి మళ్ల పల్చగైతది. రెండోసారి, మూడోసారి పోస్తే రసం తోఫును పట్టుకుంటది. దించినంక ఉల్లాకు, ఏపి దంచిన తిమ్మిరి మిర్యం.

అత్త: అన్నం? జగిత్యాల సన్నాలు ఉన్నయి, పాతయి.

అల్లుడు: పాతయి పొడిపొడిగ అయితయి. పొలాస పరిశోధన కేంద్రంల తీసిన ఆ జేజీఎల్ 1798 రకం మంచి బియ్యమే. గని ఈ కూరకు ఈ ఏడు కోసిన కొత్తవి గావాలె. కొత్త బియ్యం ముద్దగైతదని మనం తిడ్తం గద, ఈడ గదే గావాలె. ముద్దగుంటేనే రసం పట్టుకుంటది.

అత్త: నేను జొన్నరొట్టెతోని తింట.

అల్లుడు: జొన్నరొట్టెకు తోఫు నిలవదు అత్తమ్మా, జారిపోతది. జపానోళ్లు గూడ అన్నం మీదనే పోసుకున్నరు!

అత్త: జపానోళ్లకు జొన్నరొట్టె లేదు. మా ఆదిలాబాద్‌ల రొట్టె లేంది పొద్దు గడవది. రొట్టె తుంచి తోఫును కింద పట్టి లేపితే ఎందుకు జారుతది? చేసి చూపిస్త. ఆదివారం పొద్దుగాల ఎరుకల ఆమె కాడికి ఇద్దరం పోదాం, కూర నువ్వు కొట్టియ్యి. శనివారం రాత్రికే గింజ నానుతది. రెండు మూకుళ్లు పెడ్తం, నీది పందితోని పీషియెన్ ముద్ద ఏసి, నాది యాటతోని తొక్కు, ఆక్సోన్, తిర్ఫల్ ఏసి. తోఫు రెండిట్లకూ ఒకటే గింజది.

అల్లుడు: నీదాన్ని మాపో తోఫు అనొద్దు మరి.

అత్త: అనను. ఎదురింటోళ్లను పిలిచి, వాళ్లు ఏమంటే అదే పేరు పెడ్త. నువ్వు మాత్రం ఎప్సం సాల్ట్ తేవుడు మర్వకు, ఇంట్ల ఒక్క చెంచానే ఉంది.